అంబాసిడర్ హెడ్డులో కట్టేసిన గుర్రాలు

ఆదోని నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాయన కాలం నాటి మార్క్-3 అంబాసిడర్, పెట్రోలు బండి. నెలకోసారి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం పోయివస్తుంది. "బంకుల్లో ఈ20 పెట్రోలు పోయడం మొదలైనప్పటి నుంచి బండి మునుపటి మాదిరి లాగడం లేదు. మైలేజీ కూడా తగ్గింది. మెకానిక్కేమో పెద్ద కార్బొరేటర్ వేద్దామంటాడు, మా మేనల్లుడేమో సైలెన్సర్ మారిస్తే చాలంటాడు. ఎక్కువ ఖర్చు లేకుండా దీనికి ఇంకొంచెం హార్స్‌పవర్ తెప్పించే దారి ఉందా?"

ఉంది. అది మెకానిక్ చూపించినవైపూ లేదు, మేనల్లుడు చూపించినవైపూ లేదు. పైగా ఆ పాఠకుడు తిట్టుకుంటున్న ఈ20 పెట్రోలే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే, ఆ దారికి తలుపు తీస్తోంది.

మొదట అక్షరాభ్యాసం రెండు ముక్కల్లో. ఇంజన్ బలమంతా గాలిలో ఉంది. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు. అది కాలడానికి దాని బరువుకు పదిహేను రెట్ల దాకా గాలి కావాలి, ఆ గాలిని పిస్టన్ తనంతట తాను పీల్చుకోవాలి. కాబట్టి బలం పెంచే దారులు మూడే. ప్రతి గుక్కలో ఎక్కువ గాలి పట్టించడం, నిమిషానికి ఎక్కువ గుక్కలు పీల్చేలా చేయడం, పీల్చిన ప్రతి గుక్క నుంచి ఎక్కువ పని పిండుకోవడం. మార్కెట్లో అమ్మే ప్రతి సామానూ ఈ మూడింటిలో ఏదో ఒకటి చేస్తానని చెప్పుకునేదే.

గాలి దగ్గరే ఆదోనికి మొదటి దెబ్బ తగులుతుంది. ఊరు సముద్రమట్టానికి 430 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఆ ఎత్తుకే గాలి పీడనం ఐదు శాతం తగ్గుతుంది. ఏప్రిల్ ఎండకు గాలి 42 డిగ్రీలకు వేడెక్కితే, 15 డిగ్రీల గాలితో పోల్చినప్పుడు ఇంకో ఎనిమిదిన్నర శాతం పలచబడుతుంది. రెండూ కలిపితే చల్లని సముద్రతీరంలో 50 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్, వేసవి మధ్యాహ్నం ఆదోని పత్తి మార్కెట్ యార్డు ముందు 43 దగ్గర ఆగిపోతుంది. ఏడు గుర్రాలు బండి కదలకముందే ఎండకు పడిపోయాయన్నమాట.

ఇంతకన్నా అన్యాయం బానెట్ కింద జరుగుతుంది. ఈ ఇంజన్‌లో గాలి లోపలికి పోయే గొట్టాలు, పొగ బయటికొచ్చే గొట్టాలు రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బొరేటర్ కూర్చునేది ఎర్రగా కాగే ఎగ్జాస్టు నెత్తిన. ఇంగ్లండు చలిలో పెట్రోలు ఆవిరి కావడానికి ఆ వేడి కావాలని అలా చేశారు. ఆదోనిలో ఆ వేడి ఎవరికి కావాలి? 65 డిగ్రీల బానెట్ గాలి బదులు ముందు జాలీ దగ్గర నుంచి ఒక లావు గొట్టంతో 40 డిగ్రీల బయటి గాలిని ఎయిర్‌ఫిల్టర్ నోటికి అందిస్తే లెక్కప్రకారం ఎనిమిది శాతం దాకా చిక్కని గాలి దొరుకుతుంది. గొట్టం, రెండు క్లిప్పులు, ఎగ్జాస్టుకూ కార్బొరేటర్‌కూ మధ్య ఒక రేకు. ప్రపంచంలో ఇంతకంటే చవకైన హార్స్‌పవర్ లేదు. దీని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు.

ఇక ఇంజన్ వంశచరిత్ర. అంబాసిడర్ బండి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 అచ్చులోంచి వచ్చింది. 1959 నుంచి దానిలో పెట్టిన 1,489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. సిలిండర్ వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 89 మిల్లీమీటర్లు. (1980లో వచ్చిన డీజిల్ అంబాసిడర్, 1992లో వచ్చిన ఇసుజు 1800 సీసీ బండి ఈ వ్యాసం పరిధిలోకి రావు. డీజిల్ అంబాసిడర్ బలం 37 హార్స్‌పవర్ మాత్రమే. దాని యజమానులకు సానుభూతి తెలపడం తప్ప చేయగలిగింది లేదు.)

ఈ 1,489 సీసీ ఇంజన్‌కు ఒక షోకిలా తమ్ముడున్నాడు. 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారులో ఉన్నది ఇదే ఇంజన్, ఇదే 1,489 సీసీ. పాత ఆక్స్‌ఫర్డ్‌లో 50 హార్స్‌పవర్ ఇచ్చినది ఎంజీఏలో మొదట 68, కొద్దికాలానికే 72 ఇచ్చింది. రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, వేరే క్యామ్‌షాఫ్ట్, ఎక్కువ కంప్రెషన్, అంతే తేడా. మెకానిక్ ‘పెద్ద కార్బొరేటర్’ అనడం వెనక ఇలాంటి కథలే ఉంటాయి.

కానీ ఆ అంకెలను కాస్త విప్పి చూడాలి. ఆక్స్‌ఫర్డ్ తన 50 గుర్రాలను నిమిషానికి 4,200 చుట్ల దగ్గర ఇస్తుంది. ఎంజీఏ తన 72ను 5,500 చుట్ల దగ్గర ఇస్తుంది. ఒక్క చుట్టుకు ఎంత నెట్టుతోందని లెక్కేస్తే తేడా పది శాతమే! పెరిగిన 22 గుర్రాల్లో పదిహేను కేవలం ఇంజన్‌ను గిరగిరా తిప్పడం వల్ల వచ్చినవి. బీచుపక్క రోడ్లలో కుర్రకారుకు అది సరిపోతుంది. ఆరుగురు పెద్దవాళ్లు, డిక్కీలో టెంకాయల సంచి, పైన క్యారియర్ మీద పరుపులు వేసుకుని మంత్రాలయం బాట పట్టే అంబాసిడర్ 5,500 చుట్లు ఎప్పుడు తిరుగుతుంది? దానికి కావాల్సింది 2,000 చుట్ల దగ్గర గట్టి తోపు. మేనల్లుడి సైలెన్సర్ కూడా ఇక్కడే ఓడిపోతుంది; 2,000 చుట్ల దగ్గర ఈ ఇంజన్ వదిలే పొగకు పాత గొట్టమే రాజబాట, కొత్తది శబ్దం మాత్రం పెంచుతుంది.

మిగిలింది మూడో దారి. పీల్చిన గుక్కనుంచి ఎక్కువ పిండుకోవడం. అంటే కంప్రెషన్.

పిస్టన్ అడుగున ఉన్నప్పుడు గాలి ఆక్రమించే చోటును, పిస్టన్ నెత్తికొచ్చినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేది కంప్రెషన్ నిష్పత్తి. గాలిని ఎంత గట్టిగా అదిమి కాలిస్తే అది వ్యాకోచించేటప్పుడు అంత ఎక్కువ దూరం పిస్టన్‌ను తోస్తుంది, పొగగొట్టంలోకి పారేసే వేడి అంత తగ్గుతుంది. బి-సిరీస్ ఇంజన్లు ప్రధానంగా రెండు రకాలుగా పోతపోశారు: 7.2 నిష్పత్తితో ఒకటి, 8.3తో ఇంకొకటి. ఆదర్శ సూత్రం ప్రకారం 7.2 నుంచి 8.3కు పోతే అదే పెట్రోలు నుంచి నాలుగున్నర శాతం ఎక్కువ పని వస్తుంది. మరి 7.2 రకం ఎందుకు? కంపెనీ పిసినారితనం కాదు. నాసి పెట్రోలు దొరికే దేశాల కోసం. ఆ కాలపు పెట్రోలుతో ఇంతకంటే అదిమితే ఇంజన్ ‘నాక్’ కొడుతుంది.

ఈ నాకింగ్ ఏమిటో తేల్చుకోవడానికి పెద్దపెద్దవాళ్లు తప్పటడుగులు వేశారు. ఇంజన్ల చరిత్రలో ఇంతకంటే రుచికరమైన అధ్యాయం లేదు.

1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్‌స్టార్టర్, దాంతోపాటు బ్యాటరీ ఇగ్నిషన్ అమర్చినవాడు చార్లెస్ కెటరింగ్. ఆ కార్లు ఎత్తెక్కేటప్పుడు లోపల సుత్తితో కొట్టినట్టు టకటక మోత. పోటీ కంపెనీలు వేలెత్తి చూపింది బ్యాటరీ ఇగ్నిషన్‌నే. కెటరింగ్‌కు ఇంకో తలనొప్పి కూడా ఉండేది. కరెంటు లేని పొలాల ఇళ్ల కోసం అతని సంస్థ డెల్కో-లైట్ అనే చిన్న జనరేటర్ అమ్మేది. అగ్ని బీమా నిబంధనల వల్ల అది పెట్రోలుతో కాక కిరోసిన్‌తో నడవాల్సి వచ్చేది. ఆ కిరోసిన్ ఇంజన్ నాక్ కొట్టి కొట్టి పగిలేది. కర్నూలు జిల్లా రైతులకు ఈ ఇంజన్ జాతి బాగా తెలుసు. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు తిప్పే చిన్న పంపుసెట్లు బావుల గట్ల మీద ఎన్నో ఏళ్లు కూశాయి. అవి ఎంత పెద్దగా అరిచినా నీళ్లు సన్నగానే పోయడానికి సగం కారణం, కిరోసిన్ తట్టుకోలేదని వాటి కంప్రెషన్ బాగా తగ్గించి చేయడమే.

1916లో కెటరింగ్ ఈ చిక్కును థామస్ మిడ్‌గ్లీ అనే కుర్ర మెకానికల్ ఇంజనీరుకు అప్పజెప్పాడు. ఇద్దరూ కలిసి ఒక సిద్ధాంతం అల్లారు. కిరోసిన్ ఆలస్యంగా ఆవిరవుతుంది, అందుకే ఒక్కసారిగా భగ్గుమంటుంది. త్వరగా ఆవిరి చేయాలంటే వేడిని బాగా పీల్చే రంగు కలపాలి. ఏ రంగు? మంచు కింద కూడా పూసే ఒక అడవి మొక్క ఆకుల అడుగుభాగం ఎర్రగా ఉంటుంది కాబట్టి, ఎరుపు! మిడ్‌గ్లీ ఎర్ర రంగు కోసం వెతికితే చేతికందింది అయోడిన్. కిరోసిన్‌లో కలిపాడు. నాకింగ్ ఆగిపోయింది.

సిద్ధాంతం నెగ్గిందని పండగ చేసుకుని ఊరుకునేవారే ఎక్కువ. మిడ్‌గ్లీ ఊరుకోలేదు. ఊళ్లో దొరికిన ఎర్ర రంగులన్నీ తెచ్చి ఒక్కొక్కటే కలిపి చూశాడు. ఒక్కటీ పనిచేయలేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్. సిద్ధాంతం శుద్ధ తప్పు, ఫలితం మాత్రం నిజం. (మన దేశంలో కిరోసిన్‌కు కలిపే రంగు నీలం. రేషన్ కిరోసిన్ దారి తప్పితే గుర్తుపట్టడానికి. కిరోసిన్ కలిసిన పెట్రోలు తాగిన అంబాసిడర్లు కొట్టిన నాకింగ్‌కు ఆ నీలం కూడా అడ్డుపడలేదు.)

అదే కాలంలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో ఇంకోవైపు నుంచి తవ్వుతున్నాడు. అప్పటిదాకా అందరూ రెండు వేర్వేరు జబ్బులను ఒకే పేరుతో పిలిచేవారు. ప్లగ్గు స్పార్కు ఇవ్వకముందే ఎర్రగా కాలిన మసికణం ఏదో మిశ్రమాన్ని అంటించడం ఒకటి. స్పార్కు సక్రమంగా పడ్డాక చివర్లో జరిగే పేలుడు ఇంకొకటి. మొదటిది ముందే అంటుకోవడం, రెండోది అసలు నాకింగ్. ఈ రెంటినీ విడదీసి చూపించాక, నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగల ఒక ప్రయోగ ఇంజన్‌ను రికార్డో తయారుచేసి, ఒక్కో ఇంధనం ఎంత అదుముడు తట్టుకుంటుందో కొలిచాడు. మన షెడ్లలో ఈ గందరగోళం నేటికీ తీరలేదు. నాకింగ్ వినిపిస్తే ఒకరు ట్యాపెట్ శబ్దమంటారు, ఒకరు బేరింగు పోయిందంటారు. ఇంజన్ విప్పి, అవసరం లేని బేరింగులు వేసి, బిల్లు రాసి, మళ్లీ బిగిస్తే అదే మోత.

అసలు లోపల జరిగేది ఇది. ప్లగ్గు సిలిండర్‌కు ఒక పక్కన ఉంటుంది. స్పార్కు పడగానే మిశ్రమమంతా ఒక్కసారి పేలదు. గడ్డివాము ఒక మూల నుంచి అంటుకున్నట్టు మంట ఆ చివర నుంచి ఈ చివరకు నడుచుకుంటూ వస్తుంది. సెకనుకు సుమారు 20 మీటర్ల వేగం. 73 మిల్లీమీటర్లు దాటడానికి సెకనులో మూడు నాలుగు వేల వంతులు పడుతుంది. ఇంజన్ 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ లోగా క్రాంకు నలభై డిగ్రీలకు పైగా తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ నెత్తికి రాకముందే స్పార్కు ఇస్తారు.

ఈలోగా మంట ఇంకా చేరని ఆ చివరి మూల మిశ్రమం పరిస్థితి ఆలోచించండి. పిస్టన్ అదిమినందుకే అది 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ఉంది. దానికి తోడు వెనక కాలిన వాయువు ఉబ్బి దాన్ని మూలకు నొక్కుతోంది. ఆదోని ప్రెస్సుల్లో పత్తి బేలు కట్టేటప్పుడు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. మూడువైపులా గోడలు, నాలుగోవైపు నుంచి వచ్చి నొక్కే పలక. ఇప్పుడిది పందెం. మంట ముందు చేరితే ఆ మూల మిశ్రమం బుద్ధిగా కాలిపోతుంది. మంట రావడం ఆలస్యమైతే అది తనంతట తానే, మొత్తం ఒకేసారి భగ్గుమంటుంది. ఆ పీడనపు అల సిలిండర్ గోడల మధ్య సెకనుకు ఆరేడు వేలసార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. చెవికి వినిపించే ఆ ‘టింగ్ టింగ్’ బేరింగు పాట కాదు, లోహపు పాత్ర గంటలా మోగడం. దాని హాని శబ్దంలో లేదు. పిస్టన్ నెత్తిని అంటిపెట్టుకుని వేడి తగలకుండా కాపాడే పల్చటి నిశ్చల వాయుపొర ఒకటుంటుంది. ఆ అలలు దాన్ని తుడిచిపెడతాయి. అప్పుడు రెండువేల డిగ్రీల వాయువు నేరుగా అల్యూమినియంను తాకుతుంది. పిస్టన్ అంచు చీమలు కొరికినట్టు తినేసి ఉంటే అది ఈ పనే.

ఒక ఇంధనం త్వరగా భగ్గుమని, ఇంకొకటి ఓర్చుకోవడం ఎందుకు? ఇక్కడికొచ్చేసరికి ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరకు పోవాల్సిందే. హెప్టేన్ అనే ఇంధనం ఏడు కార్బన్ పరమాణువుల తిన్నని దారం. వేడిలో ఆ దారం నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే, ఆ ఖాళీలో ఆక్సిజన్ జంట వచ్చి అతుక్కుంటుంది. దారం పొడుగ్గా, మెత్తగా ఉంది కాబట్టి, ఆ ఆక్సిజన్ కొస వెనక్కి వంగి తన దారంలోనే కొంచెం అవతలున్న ఇంకో హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ముడి పడినట్టే. ఆ ముడి ఉన్నచోట దారం తెగితే తలతిక్క ముక్కలు ఒకటికి రెండు పుడతాయి. అవి ఇంకో రెండు దారాలను పట్టుకుంటాయి. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పేలుడంటే ఇదే, లెక్క రెట్టింపు కావడం. ఐసో-ఆక్టేన్‌లో ఎనిమిది కార్బన్లున్నా దారం పొట్టి, పక్కలకు మొలకల్లాంటి కొమ్మలు. వంగి ముడివేసుకోవడానికి ఆ కొమ్మలు అడ్డం. 1920లలో గ్రాహం ఎడ్గర్ ఈ రెంటినే కొలబద్దగా నిలబెట్టాడు. హెప్టేన్‌కు సున్నా, ఐసో-ఆక్టేన్‌కు నూరు. బంకులో కనిపించే ఆక్టేన్ అంకె పుట్టింది అక్కడ.

ఆ సున్నా ఆక్టేన్ హెప్టేన్ స్వచ్ఛంగా దొరికింది ఒక చెట్టు బంకలో! అమెరికా పడమటి కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ అనే చెట్టు అది. దాని పక్కనే అచ్చం అలాగే కనిపించే ఇంకో పైన్ ఉంటుంది. టర్పెంటైన్ తీసేవాళ్లు రెంటికీ తేడా తెలియక ఈ బంకను బట్టీలకెక్కించేవారు. టర్పెంటైన్ బదులు హెప్టేన్ ఆవిరి లేచి బట్టీలు పేలిపోయేవి. చెట్టును గుర్తుపట్టడంలో పొరపాటు రసాయనశాస్త్రానికి ఒక కొలబద్ద ఇచ్చిపోయింది.

మిడ్‌గ్లీ అయోడిన్ చేసిన పని కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఆ తలతిక్క ముక్కలను అది మధ్యలోనే పట్టి చంపుతుంది. కానీ అయోడిన్ ఖరీదు, పైగా లోహాన్ని తినేస్తుంది. ఎన్నో పదార్థాలు వెతికి వెతికి 1921 డిసెంబరు 9న అతని బృందం టెట్రాఎథిల్ లెడ్ దగ్గర ఆగింది. సీసం. సన్నని సీసపు ఆక్సైడ్ పొగ ఆ ముక్కలను కబళించేది. అయితే ఆ సంవత్సరమే అక్టోబరులో ఇదే మిడ్‌గ్లీ ముప్పై శాతం ఆల్కహాల్ కలిపిన పెట్రోలుతో, ఎక్కువ కంప్రెషన్ ఇంజన్ ఉన్న కారును ఇంజనీర్ల సభకు నడుపుకుంటూ వెళ్లాడు. అంటే ఆ సమస్యకు సారాయి జవాబని అతనికి ముందే తెలుసు. సారాయికి పేటెంట్ రాదు, సీసానికి వస్తుంది. ప్రపంచం ఆ తరువాత డెబ్బై ఏళ్లకు పైగా సీసం పీల్చింది. మన దేశం పెట్రోలులో సీసం పూర్తిగా మానేసింది 2000లో.

నూరేళ్ల తరువాత మళ్లీ సారాయి దగ్గరకే వచ్చాం, కారణాలు వేరైనా. ఇథనాల్‌లో ఉన్నది రెండే కార్బన్లు. రెండు గింజల దారం ఏం వంగుతుంది, ఏం ముడి వేసుకుంటుంది? పైగా ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకంటే రెండు రెట్లకు పైగా వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాగేసుకుంటుంది. చేతికి శానిటైజర్ రాసుకుంటే చల్లబడే సంగతే. ఆదోని ఎండలో వేడెక్కి వచ్చిన గాలిని సిలిండర్ గుమ్మంలోనే చల్లబరిచే పన్నీరన్నమాట. ఇథనాల్ ఆక్టేన్ 108 దాటుతుంది. 7.2 నిష్పత్తి నిర్ణయించిన రోజుల పెట్రోలుకూ, నేటి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకూ పోలికే లేదు. పాత అంబాసిడర్ మటుకు ఇంకా ఆ పాత భయంతోనే నడుస్తోంది.

మరి బండి లాగడం ఎందుకు తగ్గింది? రెండు కారణాలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ. ఈ20 లీటరుకు మామూలు పెట్రోలుకంటే ఆరేడు శాతం తక్కువ శక్తి ఇస్తుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారైన కార్లకు ఆరేడు శాతం నష్టమనే చెప్పింది. మైలేజీలో ఆ కోత తప్పదు. రెండోది సరిచేయదగినది. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. పాత పెట్రోలుకు సరిపెట్టిన కార్బొరేటర్ జెట్టు ఈ20ని పోస్తే మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం నీరసం. ఎస్‌యూ కార్బొరేటర్ ఉంటే కింద జెట్ నట్టును ఆరు ముఖాల్లో ఒకటి రెండు ముఖాలు దించితే సరి. సోలెక్స్ అయితే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు. పెద్ద కార్బొరేటర్ అక్కర్లేదు, ఉన్నదాని గొంతు సవరిస్తే చాలు.

ఇప్పుడు అసలు పని, హెడ్ ఫేసింగ్. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్ అడుగును మిషన్ మీద సన్నగా చెక్కితే మంట గది చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లుల ఊళ్లు కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరుల్లో లేత్ పనివాళ్లకు కరువు లేదు. ఎంత చెక్కాలో లెక్క తెలియడమే ముఖ్యం. ఒక్కో సిలిండర్ 372 సీసీ. 7.2 నిష్పత్తికి పైన మిగిలే చోటు 60 సీసీ. 8.3 కావాలంటే 51 ఉండాలి. మంట గది వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లనుకుంటే తొమ్మిది సీసీ తగ్గడానికి మూడు మిల్లీమీటర్లు చెక్కాలి. అంత చెక్కితే లోపలి నీళ్ల గదుల గోడ పలచబడుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు చెక్కితే నిష్పత్తి 7.7, రెండు చెక్కితే 7.9. అక్కడితో ఆగడం మేలు. ఎప్పుడైనా బోరింగు చేయించాల్సి వస్తే, గుంట నెత్తి పిస్టన్ల బదులు చదును నెత్తివి వేయిస్తే మిగతాది దానంతట అదే వస్తుంది.

ఆ మంట గదిని ఒకసారి తిప్పి చూడటం మరచిపోకూడదు. హృదయం ఆకారంలో, రెండు వాల్వుల మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన గట్టుతో ఉంటుంది. హ్యారీ వెస్లేక్ అనే గాలి ప్రవాహాల నిపుణుడి రూపకల్పన అది. ఆ గట్టు లోపలికొచ్చే గాలిని సుడి తిప్పుతుంది. పిస్టన్ నెత్తికొచ్చినప్పుడు చదునుగా ఉన్న భాగం మిశ్రమాన్ని ప్లగ్గువైపు చిమ్ముతుంది. సుడి ఎక్కువైతే మంట వేగం పెరుగుతుంది, పందెంలో మంట గెలుస్తుంది. అందంగా ఉంటుందని ఆ గట్టును గ్రైండరుతో నున్నగా అరగదీసే ప్రబుద్ధులు కొన్ని షెడ్లలో ఉన్నారు. హెడ్‌ను వాళ్ల చేతికి ఇవ్వకుండా ఉండటం కూడా హార్స్‌పవర్ మిగుల్చుకునే పద్ధతే.

చెక్కే ముందు కొలవాలి. మెడికల్ షాపులో దొరికే 60 మిల్లీలీటర్ల సిరంజి, రంధ్రం వేసిన ఒక అద్దం ముక్క, కొంచెం గ్రీజు, కిరోసిన్. వాల్వులు, ప్లగ్గు బిగించి హెడ్‌ను తిరగేసి, గది మీద గ్రీజుతో అద్దం అతికించి, అద్దం రంధ్రంలోంచి కిరోసిన్ ఎక్కిస్తూ ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోవాలి. దానికి గ్యాస్కెట్ మందంలో పట్టేదీ, పిస్టన్ గుంటలో పట్టేదీ కలుపుకుంటే మొత్తం చోటు తెలుస్తుంది. నాలుగు గదులూ ఒక్క అంకె చెప్పడం అరుదు. పాత హెడ్ ఇంతకుముందే ఎవరో ఫేసింగ్ చేసి ఉంటే ఆ సంగతీ ఇక్కడే బయటపడుతుంది. హెడ్ కిందికి దిగిన మేరకు ట్యాపెట్ సందు మాయమవుతుంది కాబట్టి రాకర్ దిమ్మెల కింద షిమ్ములు వేసి సందును మళ్లీ 15 థౌకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టుకోవాలి. హెడ్ ఎలాగూ బయటికొచ్చింది కనుక ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్ రింగులు కూడా కొట్టించడం మంచిది. పెట్రోలులోని సీసం ఒకప్పుడు ఆ సీట్లకు మెత్తలా పనిచేసేది. అది పోయాక పోతఇనుప సీటు కొద్దికొద్దిగా అరిగి వాల్వు లోపలికి కూరుకుపోతుంది.

వీటన్నిటి మొత్తం? గాలి గొట్టం, జెట్టు, రెండు మిల్లీమీటర్ల హెడ్, కొంచెం ముందుకు జరిపిన టైమింగ్ కలిసి అయిదారు గుర్రాలు. ఎండ ఎత్తుకుపోయిన ఏడులో చాలావరకు తిరిగొచ్చినట్టు. ఎంజీఏ తమ్ముడి 72 రాదు. వచ్చినా ఆ డ్రమ్ము బ్రేకులతో ఆపేదెవరు?

సణగాల్సినవి కూడా ఉన్నాయి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ సీళ్లు మార్చకుండా ఈ20 పోస్తూ పోవడం బానెట్ కింద నిప్పుతో చెలగాటం. వాడకుండా నెలలకొద్దీ నిలిపిన బండి ట్యాంకులో అది గాలి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. పాత బండ్లవాళ్లకు ఇథనాల్ లేని పెట్రోలు కొనుక్కునే వీలు బంకుల్లో ఉంచితే ఏం పోయేది? ఇథనాల్ మీద సణిగేది బండ్లవాళ్లే కాదు; తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని రోడ్డెక్కారు. వాళ్ల బాధ హార్స్‌పవర్ కాదు, నీళ్లూ గాలీ.

చివరి సర్దుబాటు రోడ్డు మీదే. పాత లూకస్ డిస్ట్రిబ్యూటర్ పక్కన గీతల చిన్న మరనట్టు ఒకటి ఉంటుంది. ఒకవైపు ‘ఎ’, ఇంకోవైపు ‘ఆర్’ అని చెక్కి ఉంటుంది; అడ్వాన్సు, రిటార్డు. పెట్రోలు నాణ్యత ఊరూరికీ మారే రోజుల్లో డ్రైవరే దిగి తిప్పుకోవడానికి పెట్టింది. బండి నిండా మనుషులను ఎక్కించి, టాప్ గేరులో నెమ్మదిగా పోతూ ఎత్తు దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. టింగ్ టింగ్ వినిపించేదాకా ‘ఎ’ వైపు కొన్ని క్లిక్కులు, వినిపించగానే రెండు క్లిక్కులు వెనక్కి. సంక్రాంతి చలిలో పెట్టిన ఈ సెట్టింగు ఏప్రిల్‌లో పనికిరాదు. అప్పుడు ‘ఆర్’ వైపు ఇంకో క్లిక్కు తిప్పాలి.